సమాధానం: గంట శబ్దానికి రివర్బ్ పెడితే అంతా ముద్దగా వస్తోంది

తమ్ముడూ, తిరుపతి కపిలతీర్థం దగ్గర ఫోన్‌లో రికార్డ్ చేసిన గంటను నీ ట్రాక్‌లో వేసి, 8 సెకన్ల రివర్బ్ (శబ్దం తర్వాత సాగే ప్రతిధ్వని) పెడితే కిక్ (డ్రమ్ బీట్‌లోని బరువైన దెబ్బ) వినపడకుండా పోతోందన్నావు. రివర్బ్‌ను ట్రాక్ మీద కాకుండా సెండ్‌లో (శబ్దం కాపీ వెళ్లే వేరే దారి) పెట్టు, మిక్స్ 100 శాతం వెట్, అంటే అక్కడ అసలు శబ్దం లేకుండా రివర్బ్ మాత్రమే. రివర్బ్‌కు ముందు ఈక్యూతో (ఫ్రీక్వెన్సీలను పెంచే, తగ్గించే టూల్) 300 హెర్ట్జ్ కింద కోసెయ్. ప్రీ-డిలే (రివర్బ్ మొదలయ్యే ముందు ఆలస్యం) 30 మిల్లీసెకన్లు ఇస్తే గంట దెబ్బ స్పష్టంగా వినిపించాకే రివర్బ్ మొదలవుతుంది. రివర్బ్ తర్వాత కంప్రెసర్ (శబ్దాన్ని తగ్గించి అదుపులో పెట్టే టూల్) పెట్టి కిక్‌తో సైడ్‌చెయిన్ చెయ్, అంటే ఎప్పుడు తగ్గించాలో దానికి కిక్ శబ్దమే చెప్పాలి. కిక్ పడినప్పుడల్లా రివర్బ్ తగ్గి, మళ్లీ పైకి లేస్తుంది. నీ సమస్య ఇక్కడికే తీరిపోవాలి.

అసలు సరదా వేరే ఉంది. గంటను రివర్స్ చేసి, రివర్బ్ వేసి, ఆడియోగా రెండర్ చేసి, దాన్ని మళ్లీ రివర్స్ చెయ్. దెబ్బకు ముందే శబ్దం ఎక్కడి నుంచో ఉబికి వస్తుంది. పిచ్‌ను 12 సెమీటోన్లు దించావంటే అదే నీ పాడ్ (పాట వెనకాల మెల్లగా సాగే శబ్దం).

చిత్తూరులో మా ఇంటి సంపు కడగడానికి ఖాళీ చేసినప్పుడు లోపల బెలూన్ పగలగొట్టి రికార్డ్ చేశాను. మొదటిసారి ఫోన్ మరీ దగ్గర పెట్టి క్లిప్ చేసుకున్నాను, అంటే శబ్దం మరీ ఎక్కువై పగిలినట్టు వచ్చింది (చెవులు కూడా గింగురుమన్నాయి). రెండోది బాగా వచ్చింది. ముందున్న నిశ్శబ్దం కత్తిరించి కన్వల్యూషన్ రివర్బ్‌లో (రికార్డ్ చేసిన ప్రతిధ్వనిని వేరే శబ్దానికి అద్దే రివర్బ్) ఇంపల్స్‌గా, అంటే ఆ ప్రతిధ్వని నమూనాగా వేస్తే, ఏ శబ్దమైనా ఆ సంపులోంచి వచ్చినట్టే ఉంటుంది. ఇంపల్స్ గది శబ్దమే కావాలని రూలేం లేదు. కాలిన పెనం మీద నీళ్లు చల్లితే వచ్చే ‘చుయ్’ వేసి చూడు.