పాఠకుల ప్రశ్నలు: పిక్సార్ తెర వెనుక

ప్రశ్న: ‘టాయ్ స్టోరీ 2’ తయారవుతున్నప్పుడు సినిమా అంతా కంప్యూటర్ల నుంచి చెరిగిపోయిందని మా యానిమేషన్ క్లాసులో విన్నాను. ఇది నిజంగా జరిగిందా?
(విద్యార్థిని, మొగల్రాజపురం, విజయవాడ)

జవాబు: జరిగిందమ్మా. 1998లో, ఆ సినిమా తీస్తున్న అమెరికా యానిమేషన్ స్టూడియో పిక్సార్‌లో ఎవరో పొరపాటున ఇచ్చిన, ఫైళ్లను చెరిపేసే ఒక కమాండ్, సర్వర్‌లో ఆ సినిమా ఫైళ్లున్న చోటనే పనిచేయడం మొదలుపెట్టింది. సినిమా కథానాయకుడైన ఉడీ బొమ్మ టోపీ, తర్వాత బూట్లు, చివరికి బొమ్మ మొత్తం మాయమవుతుంటే సిబ్బంది కళ్లారా చూశారు. వాళ్లు తేరుకుని యంత్రాలను ఆపేసేసరికి దాదాపు 90 శాతం పోయింది. బ్యాకప్‌ను (విడిగా దాచే నకలును) వెతికితే అదీ కొంతకాలంగా సరిగా పనిచేయడం లేదని తేలింది. పసిబిడ్డ కారణంగా ఇంటి నుంచే పనిచేస్తున్న టెక్నికల్ డైరెక్టర్ గేలిన్ సుస్మన్ దగ్గర ఒక కాపీ ఉండటం వల్ల, ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి కారులో స్టూడియోకు తెచ్చి సినిమాను నిలబెట్టుకున్నారు.

చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడే ఆపేస్తారు. కానీ ఆ తర్వాత జరిగినదే పెద్ద విషయం. అంత కష్టపడి దక్కించుకున్న సినిమా తమకే నచ్చక, విడుదల తేదీ మారే వీలు లేకపోయినా, కథను చాలావరకు కొత్తగా అల్లి, సుమారు తొమ్మిది నెలల్లో మళ్లీ తీసి, 1999 నవంబరులో విడుదల చేశారు. ఆ తొందరలో చాలామంది చేతులు, మణికట్ల నొప్పులతో బాధపడ్డారు. బాగాలేని పనిని వదులుకోగలిగిన వారి ధైర్యం నాకు ఎంతో గొప్పగా తోస్తుంది. మనుషుల ఆరోగ్యాన్ని పణంగా పెట్టిన ఆ వేగాన్ని మాత్రం ఆదర్శంగా తీసుకోవద్దని, ఈ రంగంలోకి రాబోతున్న మీకు ప్రత్యేకంగా చెబుతున్నాను.

ప్రశ్న: మన దేవుళ్లతో పిక్సార్ ఒక సినిమా తీసిందంటారు. ఏది?
(పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు)

జవాబు: అది ‘సంజయ్స్ సూపర్ టీమ్’ అనే లఘుచిత్రం. 2015లో ‘ది గుడ్ డైనోసార్’కు ముందు థియేటర్లలో వేశారు. తండ్రి పూజ చేసుకుంటుంటే టీవీలో కార్టూన్లు చూడాలని ఆరాటపడే పిల్లవాడికి విష్ణువు, దుర్గ, హనుమంతుడు సాహసవీరులుగా కనిపించడమే కథ. దర్శకుడు సంజయ్ పటేల్ కాలిఫోర్నియాలో గడిచిన తన బాల్యం నుంచే దీన్ని తీసుకున్నారు. ఆస్కార్‌కు నామినేట్ అయిన ఈ చిత్రాన్ని మీ ఇంట్లో పిల్లలకు తప్పకుండా చూపించండి.

ప్రశ్న: ఇకపై పిక్సార్ నుంచి ఏమి రాబోతున్నాయి? ‘కోకో’కు రెండో భాగం ఉందా?
(సంగీత ఉపాధ్యాయురాలు, గవర్నర్‌పేట, విజయవాడ)

జవాబు: వెనిస్ నగరంలోని ఒక నల్లపిల్లి కథతో ‘లూకా’ దర్శకుడు ఎన్రికో కసరోసా తీస్తున్న ‘గాటో’ను 2027కు ప్రకటించారు. ‘కోకో’ రెండో భాగాన్ని 2029కి ప్రకటించారు. మొదటి భాగం దర్శకుడు లీ అంక్రిచ్ దీనికీ దర్శకుడే. సంగీతం నేర్పే మీరు, ఈలోగా 2017 నాటి మొదటి భాగాన్ని మరోసారి చూసి కథానాయకుడైన కుర్రాడు మిగేల్ గిటారు వాయించేటప్పుడు అతని వేళ్లను గమనించండి. గిటారుకు చిన్న కెమెరాలు బిగించి, నిజమైన వాద్యకారులు వాయిస్తుండగా చిత్రీకరించి, ఆ కదలికలను చూస్తూ యానిమేటర్లు ఆ వేళ్లను కదిలించారు.