ఉప్పునీటి అక్వేరియంలో చేపలు చనిపోతున్నాయి, కాపర్ మందు డోసు పెంచాలా?

ప్రశ్న: ఇంట్లో 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం పెట్టి మూడు వారాలైంది. నీళ్లు తేటపడిన రెండో రోజే 4 క్లౌన్ చేపలు, 3 డామ్సెల్ చేపలు, ఒక బ్లూ టాంగ్, ఒక మాండరిన్ చేప, ఒక ఎనిమోన్ (పువ్వులా కనిపించే సముద్రజీవి) వేశాం. వారం తర్వాత 2 యెల్లో టాంగ్‌లు, 2 క్లీనర్ రొయ్యలు తెచ్చాం. ఇప్పుడు చేపలు పైకి వచ్చి ఆయాసపడుతున్నాయి. 2 క్లౌన్‌లు, ఒక డామ్సెల్, మాండరిన్, ఒక యెల్లో టాంగ్ చనిపోయాయి. బ్లూ టాంగ్ ఒంటిమీద రెండు మూడు తెల్లచుక్కలు కనిపిస్తే, అమ్మినాయన తెల్లమచ్చ వ్యాధి అని కాపర్ మందు ఇచ్చారు. రెండుసార్లు తొట్టిలోనే పోశాం. రొయ్యలు కూడా చచ్చాయి, ఎనిమోన్ ముడుచుకుపోయింది. ఆవిరైన నీటికి బదులు ఉప్పునీళ్లే పోస్తున్నాం. ఉప్పు (నీటి సాపేక్ష సాంద్రత) 1.028 చూపిస్తోంది. కాపర్ డోసు పెంచాలా? కొత్త ఎనిమోన్ ఎప్పుడు వేయొచ్చు?

జవాబు: పెంచకండి. ఇప్పటికి పోసిందే తీసేయాలి.

మీరు అన్నీ రాశారు, అసలు కావలసిన అంకె మాత్రం రాయలేదు. నీళ్లలో అమ్మోనియా ఎంత ఉంది? ఆ టెస్టు చేయకుండానే మందు పోశారు, అది ఇచ్చిన వ్యక్తి కూడా అడగలేదు. చేపలు పైకి రావడం, మొప్పలు వేగంగా కొట్టుకోవడం, ఒకటి తర్వాత ఒకటి చావడం, అదీ కొత్త తొట్టి మూడో వారంలో: ఇవన్నీ కలిపి చూస్తే నా అనుమానం ముందు అమ్మోనియా మీదికే పోతుంది. తెల్లమచ్చ కూడా ఉండొచ్చు, కాదనను. కానీ రెండు మూడు చుక్కలున్న రోజే ఐదు చేపలు చావవు. చుక్కలు కాకుండా ఒంటినిండా బంగారు రంగు పొడి చల్లినట్టు ఉండి, రెండు మూడు రోజుల్లో తొట్టి ఖాళీ అవుతుంటే అది వెల్వెట్ వ్యాధి. మీరు చెప్పిన లక్షణాల్లో అది లేదు.

కారణం క్లుప్తంగా చెబుతాను. చేపల విసర్జన, మిగిలిన మేత అమ్మోనియాగా మారతాయి. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. రాళ్ల మీద, ఇసుకలో ఈ బ్యాక్టీరియా స్థిరపడటానికి మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. మీరు రెండో రోజే తొమ్మిది చేపలు దింపారు. పైగా ఉప్పునీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 మధ్య ఉంటుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటిలో చేప తట్టుకునే అమ్మోనియానే ఇక్కడ పది రెట్లకు పైగా విషమవుతుంది. మంచినీటి చేపలు పెంచిన అనుభవంతో ఇందులోకి దిగినవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. నైట్రైట్ సంగతి వేరు. ఉప్పునీటిలో క్లోరైడ్ ఎక్కువ కాబట్టి అది చేపకు అంత హాని చేయదు, దాని అంకె చూసి టెన్షన్ పడకండి.

ఇక కాపర్. కొన్ని మందుల్లో ఉండేది మనకు తెలిసిన మైలుతుత్తమే. చేప తట్టుకునే మోతాదులోనే రొయ్య, నత్త, ఎనిమోన్, పగడం చనిపోతాయి. మీ రొయ్యలు జబ్బుతో పోలేదు. సున్నపు రాళ్లు, ఇసుక కాపర్‌ను పీల్చుకుంటాయి. అందుకే పోసిన డోసు నీళ్లలో నిలవదు, జబ్బూ తగ్గదు. తర్వాత అదే కాపర్ మెల్లగా బయటికి వస్తుంది. రాళ్లు ఉన్న తొట్టిలో కాపర్ పోయమని ఎవరు చెప్పినా వినకండి.

ఈ రోజే చేయాల్సినవి. మేత రెండు రోజులు పూర్తిగా ఆపండి, ఆ మాత్రం ఆకలికి చేపలు చావవు. ఎనిమోన్ మెత్తబడి, నోరు తెరుచుకుని, వాసన వస్తుంటే వెంటనే తీసేయండి. అది కుళ్లితే ఒక్క రాత్రిలో అమ్మోనియా రెట్టింపవుతుంది. రాళ్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ పోను మీ తొట్టిలో అసలు నీరు 160 లీటర్లకు మించదు. అందులో 65 లీటర్లు తీసి కొత్త ఉప్పునీరు పోయండి. కుళాయి నీరు వద్దు, ఆర్.ఓ. నీటిలోనే ఉప్పు కలపండి. ఈసారి 1.023 వచ్చేలా కలిపితే తొట్టి మొత్తం 1.026 దగ్గరికి దిగుతుంది. ఎల్లుండి మరో 65 లీటర్లు 1.024తో మార్చండి, 1.025కి వచ్చేస్తుంది. మామూలు రోజుల్లో కొత్త నీటిని ఒక రోజంతా మోటారుతో తిప్పి వాడాలి. ఇది అత్యవసరం కాబట్టి ఉప్పు పూర్తిగా కరిగి, నీరు తేటపడి, ఉష్ణోగ్రత తొట్టితో సమానమైతే చాలు. పోయడం మాత్రం నెమ్మదిగా, గంట పట్టినా ఫర్వాలేదు.

నీటి మోటారు మూతిని పైకి తిప్పి ఉపరితలం బాగా కదిలేలా పెట్టండి, ఎయిర్ స్టోన్ కూడా వేయండి. 26 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో 8 మి.గ్రా. ఆక్సిజన్ కరిగితే, ఉప్పునీటిలో కరిగేది దాదాపు 6.7 మి.గ్రా. మాత్రమే. తొట్టి 25, 26 డిగ్రీలు దాటకుండా చూడండి. ఫిల్టరులో కొత్త యాక్టివేటెడ్ కార్బన్ 160 గ్రాములు, దొరికితే కాపర్ పీల్చే రెజిన్ ప్యాడ్ కూడా వేసి, నాలుగు రోజులకు మార్చండి.

ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. అమ్మోనియాను బంధించే ద్రావణాలు అమ్ముతారు. మామూలుగా అవి పనికొస్తాయి. కానీ నీళ్లలో కాపర్ ఉన్నప్పుడు వాటిలో చాలావరకు కాపర్‌ను మరింత విషపూరితం చేస్తాయి. కాపర్ టెస్టు సున్నా చూపేదాకా వాటి జోలికి పోకండి. అప్పటిదాకా నీళ్ల మార్పిడే మందు. అమ్మోనియా రోజూ ఒకే వేళకు కొలిచి రాసుకోండి. 0.25 పీపీఎం (లీటరుకు మి.గ్రా.) ఉంటే మేత ఆపి గమనించండి. 0.5 దాటితే ఆ రోజే 65 లీటర్లు మార్చండి.

చేపలు తేరుకున్నాక తెల్లమచ్చ సంగతి చూద్దాం. ఒంటిమీద ఉప్పురవ్వల్లాంటి చుక్కలు, రాళ్లకు ఒరుసుకోవడం ఉంటే అది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. చేప మీద ఉండేది కొద్ది రోజులే. తర్వాత రాలిపోయి, రాళ్లలో గూడు కట్టుకుని, వారాల తరబడి ఉండి మళ్లీ వందల్లో బయటికొస్తుంది. చుక్కలు పోగానే జబ్బు తగ్గిందనుకోవడం అందుకే పొరపాటు. చికిత్స ఇసుక, రాళ్లు లేని వేరే తొట్టిలోనే జరగాలి: 60 లీటర్ల గాజు తొట్టి, స్పాంజ్ ఫిల్టరు, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు. చెలేటెడ్ కాపర్ (వేరే పదార్థంతో బంధించిన కాపర్) అయితే 2.0 పీపీఎం, అయానిక్ కాపర్ (అలా బంధించనిది) అయితే 0.15 నుంచి 0.20 పీపీఎం. రెండింటికీ పది రెట్ల తేడా ఉంది, సీసా మీద ఏ రకమో చదవకుండా చుక్క కూడా వేయకండి. పూర్తి మోతాదుకు రెండు మూడు రోజుల్లో మెల్లగా చేరండి. రోజూ కాపర్ కిట్‌తో కొలుస్తూ 30 రోజులు ఆ స్థాయి నిలపండి. మధ్యలో ఒక్క రోజు తగ్గినా లెక్క మొదటికి వస్తుంది. ఈ తొట్టిలోనూ అమ్మోనియా వస్తుంది. 0.5 దాటితే సగం నీళ్లు మార్చండి, కొత్త నీటిలో కూడా అదే మోతాదు కాపర్ కలిపి పోయండి. పెద్ద తొట్టి చేప లేకుండా 76 రోజులు ఖాళీగా ఉండాలి.

ఇందులో ఒక చిక్కుంది. మిగిలిన ఆరు చేపలు 60 లీటర్లలో పట్టవు. నిజానికి 200 లీటర్లలో కూడా పట్టవు. మీ అసలు సమస్య ఇదే. రెండు టాంగ్‌లు, రెండు డామ్సెల్‌లు మీ దగ్గర ఉండకూడదు. పెద్ద తొట్టి ఉన్నవాళ్లకో, కొన్నచోటో ఇచ్చేయండి. ఇచ్చేటప్పుడు తెల్లమచ్చ అనుమానం ఉందని చెప్పి ఇవ్వండి, దాచకండి. క్లౌన్ జంటను ఉంచుకోండి.

బ్లూ టాంగ్ మీరు కొన్నప్పుడు 5 సెం.మీ. ఉండి ఉంటుంది. అది 30 సెం.మీ. దాకా పెరిగే చేప, రోజంతా ఈదుతూనే ఉంటుంది. మీటరు పొడవు తొట్టి దానికి రెండు తోకల ఊపు. దుకాణంలో పిల్లను చూసి తొట్టి సరిపోతుందనుకోవడం దూడను చూసి కొట్టం కట్టినట్టే. చేప పొడవు రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది, మేత, విసర్జన కూడా దాని వెంటే పెరుగుతాయి. అందుకే ఇన్ని లీటర్లకు ఇన్ని సెంటీమీటర్ల చేప అనే లెక్క నాకు నచ్చదు. చేప పూర్తిగా పెరిగాక ఎంతుంటుంది, ఎలా తిరుగుతుంది, ఎవరితో కొట్లాడుతుంది, ఈ మూడూ తెలుసుకుని కొనండి. డామ్సెల్‌లు గట్టివని ముందు వాటితో తొట్టి అలవాటు చేయమంటారు. గట్టివే, కానీ తొట్టి తమదైపోయాక కొత్తగా వచ్చిన ప్రతి చేపనూ తరుముతాయి, రాళ్లన్నీ తీస్తే తప్ప పట్టుకోలేరు. క్లౌన్‌లు కూడా నాలుగు కాదు, రెండే వేయాలి. జతలో పెద్దది ఆడది అవుతుంది, రెండోది మగది, మూడోదాన్ని బతకనివ్వవు. మాండరిన్ రాళ్ల మీది కోపెపాడ్ అనే సూక్ష్మజీవుల్ని ఏరుకుని తింటుంది. మూడు వారాల తొట్టిలో అవి ఎక్కడుంటాయి? మీ మాండరిన్‌కు నీళ్లు బాగున్నా ఆకలి చావు తప్పేది కాదు.

మీ తొట్టికి నా లెక్క: క్లౌన్ జంట, ఒక రాయల్ గ్రామా, ఒక ఫైర్‌ఫిష్, ఒక చిన్న గోబీ. మొత్తం ఐదు. ఇంకొకటి పడుతుందేమో అనిపిస్తుంది, వేయకండి. కరెంటు పోయి మోటారు ఆగిన రాత్రి ఆ ఇంకొకటే మిగతావాటి ఆక్సిజన్ తినేస్తుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో పెట్టుకోండి.

చేపలు అమ్మేవాళ్ల మాట కూడా చెప్పాలి. అందరూ మోసగాళ్లని కాదు, మంచివాళ్లున్నారు. కానీ నీళ్లు తేటగా ఉన్నాయి, చేపలు వేసేయండి అన్నవాళ్లు తప్పు చెప్పారు. అమ్మోనియాకు రంగు లేదు, తేటదనం దేనికీ సాక్ష్యం కాదు. బ్యాక్టీరియా సీసా పోస్తే అదే రోజు తొట్టి నిండా చేపలు వేయొచ్చన్నదీ అంతే. మంచి సీసా అయితే రోజులు కొంత తగ్గుతాయి, తొమ్మిది చేపల భారం మొదటి వారంలో మోయదు. మీ తొట్టి చూడకుండా, ఒక్క అంకె అడగకుండా మందు చేతిలో పెట్టేవాళ్ల దగ్గర మందు కొనకండి. ఇకపై చేప కొనేముందు అది మేత తినడం మీ కళ్లముందు చూపించమనండి. తినని చేపను ఇంటికి తెస్తే అలవాటవుతుందన్నది అమ్మకం మాట. కొన్న తర్వాత కూడా 4 వారాలు వేరే తొట్టిలో ఉంచాకే కలపండి. దుకాణంలో క్వారంటైన్ చేశామన్నా సరే.

ఉప్పు 1.028కి ఎందుకు పోయిందో మీరే రాశారు. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు తొట్టిలోనే మిగులుతుంది. తగ్గిన నీటికి ఉప్పులేని ఆర్.ఓ. నీళ్లే పోయాలి, రోజూ కొంచెం కొంచెంగా. ముల్లు తిరిగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌ను నమ్మకండి, ముల్లుకు గాలిబుడగ అంటుకుంటే అంకె మారిపోతుంది. రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంగే తీరుతో ఉప్పు కొలిచే పరికరం) తీసుకుని 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) ప్రామాణిక ద్రావణంతో సరిచేసుకోండి. ఫిల్టరు స్పాంజ్‌ను కుళాయి కింద కడగకండి, తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండండి. మేత రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో మిగలకుండా తినేంత.

ఖాళీగా ఉండే 76 రోజుల్ని వృథా చేయకండి. కాపర్ సున్నా అయ్యాక, శుద్ధమైన అమ్మోనియం క్లోరైడ్ 1 గ్రాము కరిగించి పోస్తే మీ 160 లీటర్లకు సుమారు 2 పీపీఎం అమ్మోనియా వస్తుంది. అది 24 గంటల్లో సున్నా అయి, నైట్రైట్ కూడా సున్నా అయితే బ్యాక్టీరియా స్థిరపడినట్టు. అవ్వకపోతే ఆగండి, సున్నా అయ్యాకే మళ్లీ పోయండి. చేపలు దింపే ముందు పెద్ద మార్పిడి చేసి నైట్రేట్ 20 పీపీఎం లోపలికి తెండి. ముందు క్లౌన్ జంట, తర్వాత నాలుగు వారాలకొకటి. కొత్త చేప దింపిన 1, 3, 7 రోజుల్లో అమ్మోనియా కొలవండి. ప్రతి వారం 15 నుంచి 20 లీటర్ల నీళ్ల మార్పిడి తప్పనిసరి.

ఎనిమోన్ సంగతి. క్లౌన్ చేపకు ఎనిమోన్ లేకపోయినా ఏ లోటూ ఉండదు. దానికి మంచి వెలుతురు, కనీసం ఆరు నెలలు నిలకడగా నడిచిన తొట్టి కావాలి. మీ రాళ్లలో కాపర్ దిగింది కాబట్టి మీరు ఇంకా ఆగాలి. కాపర్ టెస్టు వరుసగా నెల రోజులు సున్నా చూపాక ఒకటి రెండు నత్తలు వేసి, రెండు వారాలు చూడండి. అవి గాజు పట్టుకుని తిరుగుతుంటే అప్పుడు రాయండి, ఏ రకం ఎనిమోన్ వేయాలో చెబుతాను. రాసేటప్పుడు అమ్మోనియా, నైట్రేట్, ఉప్పు అంకెలు కూడా పంపండి.