యేసును ఎదురుగా చూసినా అందరూ ఎందుకు మారలేదు?

మంచి ప్రశ్న అడిగారు, నాకు తోచింది చెప్తాను. సువార్తల్లో, అంటే యేసు జీవితం చెప్పే బైబిలు పుస్తకాల్లో, నా మనసులో నిలిచిపోయింది సమరయ అనే ప్రాంతపు స్త్రీ కుండ. సుఖారు ఊరి బావికి మిట్టమధ్యాహ్నం నీళ్ళ కోసం వచ్చిన ఆమె, తన ఐదుగురు భర్తల సంగతి యేసు నోట విన్నాక, కుండ అక్కడే వదిలేసి ఊళ్ళోకి వెళ్ళి, ఏ జనం ముందు తలదించుకుని తిరిగి ఉంటుందో వాళ్ళనే వచ్చి ఆయన్ని చూడమని పిలిచింది (యోహాను 4). వచ్చిన పనే మర్చిపోయింది!

యెరికోలో జక్కయ్యా అంతే. సుంకపు గుత్తదారుడు, అంటే పన్నులు వసూలు చేసేవాడు, డబ్బున్నవాడు, యేసును చూడాలని మేడిచెట్టెక్కాడు. దిగాక సగం ఆస్తి పేదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. ఇమ్మని ఎవరూ అడగలేదు.

మార్కు 10లో ఆస్తిపరుడు మాత్రం యేసు దగ్గరికి పరుగెత్తుకొచ్చి మోకరించాడు, ఆజ్ఞలన్నీ చిన్నప్పటి నుంచీ పాటించానన్నాడు, తీరా ఉన్నదంతా అమ్మి పేదలకి ఇమ్మనేసరికి దిగులుగా వెళ్ళిపోయాడు. కోపంతో కాదు, బాధతో. యేసు అతన్ని చూసి ప్రేమించాడనీ అక్కడే రాసుంది. నన్ను నేను ఎక్కువగా చూసుకునేది ఇతనిలోనే, ఎందుకంటే ప్రార్థనకి టైమ్ ఇవ్వడం నాకు సులువే కానీ జీతంలోంచి తీసి ఇవ్వాలంటే చెయ్యి వెనక్కి పోతుంది.