డాలస్‌కా, ఫ్లోరిడాకా, హైదరాబాదుకా?

ప్రశ్న: నాకు 67 ఏళ్లు, మావారికి 73. పెళ్లయిన కొత్తలో, 1979లో ఒహాయో వచ్చాం. ఇద్దరం రిటైరయ్యాం. ఇల్లు రెండంతస్తులు, పడకగదులన్నీ పైనే. పోయిన చలికాలంలో ఆయన మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. అప్పటినుంచి అమ్మాయి డాలస్ వచ్చేయమంటోంది. స్నేహితులు ఫ్లోరిడాలో 55 దాటినవాళ్ల కాలనీలో ఇల్లు కొని మమ్మల్నీ పిలుస్తున్నారు. మావారేమో అన్నీ అమ్మేసి హైదరాబాదు వెళ్దామంటారు. రాత్రిపూట కారు నడపడం నేను మానేశాను. రోజూ ఇదే వాదన. ఏం చేయమంటారు?

జవాబు: ఉత్తరంలో అందరి కోరికలూ రాశారు, మీది తప్ప. అడిగేవాళ్లు లేక చెప్పలేదో, అడిగినా చెప్పడం అలవాటు లేదో నాకు తెలియదు. కానీ ఈ నిర్ణయంలో మీ మాటే ముందు వినబడాలి. ఎందుకో చెబుతాను, కాస్త కటువుగా ఉంటుంది.

మీ ఇంట్లో అందరూ ఇద్దరు మనుషుల కోసం చోటు వెతుకుతున్నారు. మీరు ఆయనకంటే ఆరేళ్లు చిన్న. పైగా ఆడవాళ్ల ఆయుర్దాయం ఎక్కువ. ఎక్కడికి వెళ్లినా చివరి కొన్నేళ్లు అక్కడ మీరొక్కరే ఉండే అవకాశమే ఎక్కువ. కాబట్టి ‘ఇక్కడ నేను ఒంటరిగా, కారు లేకుండా బతకగలనా?’ అని మూడు ఊళ్ల గురించీ అడిగి చూడండి.

హైదరాబాదు సంగతి. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారతీయ సంతతివారికి భారత ప్రభుత్వం ఇచ్చేది) ఉంటే ఎన్నేళ్లయినా ఉండవచ్చు. మీరు అమెరికా పౌరులైతే సోషల్ సెక్యూరిటీ, అంటే అమెరికా ప్రభుత్వ పింఛను డబ్బు, అక్కడికీ వస్తుంది. వంటమనిషి, ఇంటికొచ్చే నర్సు మీ ఆదాయానికి భారం కారు. కానీ అక్కడి వైద్యానికి మెడికేర్ (పెద్దవాళ్లకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) పైసా ఇవ్వదు. అక్కడ పనికిరాదు కదా అని అందులో డాక్టర్ల ఖర్చు భరించే పార్ట్ బి మానేస్తే, తిరిగొచ్చాక చేరేటప్పుడు మానేసిన ప్రతి 12 నెలలకు 10 శాతం చొప్పున ప్రీమియం పెరుగుతుంది, సాధారణంగా జీవితాంతం. 73 ఏళ్ల మనిషికి అక్కడ కొత్తగా ఆరోగ్య బీమా దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. అన్నిటికీ మించి, ఆయన వెళ్దామంటున్నది 1979లో వదిలి వచ్చిన ఊరికేమో ఒకసారి అడగండి. ఇప్పుడు అక్కడ మీకు పలకరించే మనుషులు ఎందరు మిగిలారు?

ఫ్లోరిడా కాలనీలు బాగుంటాయి. టవారెస్‌లోని శాంతినికేతన్ లాంటివి మన భోజనం, భజనలతో భారతీయుల కోసమే కట్టినవి. అయితే ఇలాంటివి తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లకోసం. లేవలేని స్థితి వస్తే చూసుకునే ఏర్పాటు వేరే వెతుక్కోవాలి. మీ తరంవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: ఆ ఖర్చూ మెడికేరే భరిస్తుందనుకుంటారు. ఆసుపత్రిలో మూడు రోజులున్న తర్వాత, కోలుకోవడానికి నర్సింగ్ కేంద్రంలో చేరితే 100 రోజుల వరకు అది సాయపడుతుంది, అదీ 20 రోజులు దాటాక రోజుకింత అని మీరూ కట్టాలి. స్నానం చేయించడానికి, అన్నం పెట్టడానికి నెలల తరబడి మనిషి కావాలంటే ఆ డబ్బు మీదే. కొనేముందు దీర్ఘకాల సంరక్షణకు మీ దగ్గర బీమా ఉందో లేదో చూసుకోండి.

నన్నడిగితే డాలస్. కానీ అమ్మాయి ఇంట్లో వద్దు. ఆమె ఇంటికి పది నిమిషాల దూరంలో, మెట్లు లేని చిన్న ఇల్లు చూసుకోండి. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో తెలుగువాళ్లు, గుళ్లు, మన కూరగాయల దుకాణాలు ఉన్నాయి. మీరు కారు తీయకపోయినా ఎవరో ఒకరు తీసుకెళతారు. అమ్మాయితో ఒక మాట ముందే తేల్చుకోండి: వంట, మనవల బడి, డాన్సు క్లాసులు ఏ రోజుల్లో మీవి, ఏ రోజుల్లో కావు. ప్రేమగానే చెప్పండి, కానీ చెప్పండి. ఇక ఆమె ఉద్యోగం ఊరు మారితే మీరూ వెంట వెళ్తారా అన్నదీ అప్పుడే అడగండి.

మీవారిని ‘ఇండియా వద్దు’ అని ఎదుర్కోకండి. ఈ చలికాలం మూడు నెలలు హైదరాబాదులో అద్దెకుందామనండి. బంధువుల ఇంట్లో అతిథిగా కాదు, గ్యాసు, కరెంటు బిల్లు చూసుకుంటూ. ఆయనకు నచ్చితే ఏటా వెళ్లి రావచ్చు. ఒహాయో ఇల్లు అమ్మేద్దామని ఆయన నోటితో అంటున్నా, మనసు అంత తేలిగ్గా ఒప్పుకోకపోవచ్చు. పాతికేళ్లు కిస్తీలు కట్టిన మనిషికి దాన్ని వదలడం చిన్న విషయం కాదు, తొందర పెట్టవద్దు. కానీ ఇంకో చలికాలం ఆ మెట్ల మీద గడపడం మాత్రం నేను ఒప్పుకోను. ఇంటి విషయం తేలేదాకా కనీసం మంచం కిందికి దింపించండి.

డబ్బు దగ్గర కూడా మీ లెక్క మీరు వేసుకోండి. ఆయన తర్వాత మీ ఇద్దరి సోషల్ సెక్యూరిటీల్లో పెద్దది మాత్రమే మీకు మిగులుతుంది, చిన్నది ఆగిపోతుంది. ఇంటి పన్ను, మరమ్మతులు సగమవవు. ఏ ఇల్లు కొన్నా ఆ ఒక్క ఆదాయంతో నడిచేదిగా ఉండాలి.

ఇల్లు అమ్మకానికి పెట్టకముందే లాయరు దగ్గరికి వెళ్లి వీలునామా, ఆర్థిక, ఆరోగ్య నిర్ణయాల పవర్ ఆఫ్ అటార్నీలు ఇద్దరి పేరునా రాయించండి. బ్యాంకు ఖాతాల వివరాలు, పాస్‌వర్డులు ఆయనకు మాత్రమే తెలిస్తే, ఈ శనివారమే పక్కన కూర్చుని ఒక పుస్తకంలో మీ చేత్తో రాసుకోండి.