ఫిగ్మా డిజైన్ ఫోనులో చెదిరిపోతుంటే

వెబ్ పేజీల రూపం గీసే ఫిగ్మాలోని డిజైన్‌ను కోడ్‌గా మార్చే ప్లగిన్ (అదనపు పనిముట్టు) ఇచ్చిన కోడ్‌ను అలాగే పెడితే ఫోనులో పెట్టెలు ఒకదానిపై ఒకటి ఎక్కుతున్నాయన్నారు కదా. పేజీ రూపాన్ని నిర్ణయించే ఆ సీఎస్ఎస్‌లో ‘పొజిషన్: అబ్సల్యూట్’, ‘విడ్త్: 1440 పిక్సెల్స్’ లాంటివి ఎన్ని ఉన్నాయో వెతకండి, చోటునూ వెడల్పునూ అవి బిగించేస్తాయి కాబట్టి జబ్బు అక్కడే ఉంది. దానికి అతుకులు వేయడం దండగ. తిరిగి ఫిగ్మాలోకే వెళ్లి ఫ్రేములకు (పెట్టెలకు) లోపలి వాటిని వరుసగా సర్దే ఆటో లేఅవుట్ పెట్టండి. అది దాదాపు సీఎస్ఎస్‌లోని ఫ్లెక్స్‌బాక్స్ లాగే పనిచేస్తుంది కాబట్టి అక్కడి ప్యాడింగ్ (అంచు లోపలి ఖాళీ), గ్యాప్ (మధ్య ఖాళీ) అంకెలు యథాతథంగా పనికొస్తాయి. హెచ్‌టీఎమ్ఎల్ (పేజీ నిర్మాణం చెప్పే కోడ్) మాత్రం మీరే రాసుకోండి. ఇలాంటి ప్లగిన్లకు తరచుగా బటన్ అయినా ‘డివ్’ అనే ఉత్త పెట్టే, మెనూ అయినా డివ్వే!

మీ శీర్షికలు తెలుగులో ఉన్నాయి కాబట్టి ఇంకో సంగతి. లైన్ హైట్ (వరుస ఎత్తు) అక్షరాల సైజుకు 1.2 రెట్లే ఉంటే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగలొచ్చు. 1.6 దగ్గర మొదలుపెట్టి ఫాంటును బట్టి సర్దండి. వరుసలు పెరిగితే కార్డు కూడా పెరిగేలా, కార్డులకు హైట్ తీసేసి మిన్-హైట్ (కనీస ఎత్తు) ఇవ్వండి.