కొబ్బరాకు మీది నలుపు రాకెట్ పొగ కాదండి

రాజోలు బాబాయిగారూ, మీ కొబ్బరాకులు నల్లబడింది శ్రీహరికోట రాకెట్ల పొగ వల్లేనా అని అడిగారు. కాదండి, శ్రీహరికోట మనకి మూడొందల కిలోమీటర్ల పైమాటే. అక్కణ్ణుంచి ఎగిరే పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశలో సుమారు 138 టన్నుల ఘన ఇంధనం మండి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అల్యూమినా పొడి వస్తాయి. నేల మీద ఆ ఆమ్లం దెబ్బ ప్రయోగ వేదిక చుట్టుపక్కలకే. అసలు బెంగ వానమబ్బులకి పైనుండే గాలి పొర, స్ట్రాటోస్ఫియర్ గురించి. అక్కడ కడగడానికి వానలుండవు కదా, ఆ ఆమ్లంలోని క్లోరిన్ ఓజోన్‌ని తినేస్తుంది, కిరోసిన్ రాకెట్ల మసి ఏళ్ల తరబడి ఉండి గాలిని వేడెక్కిస్తుంది.

మీ చెట్టు సంగతికొస్తే, ఆకు తిప్పి చూడండి. అడుగున తెల్లటి సుడులుంటే అది ఆకు రసం పీల్చే తెల్లదోమ పురుగే. అది కార్చే జిగట మీద పెరిగిన బూజే ఆ నలుపు. పల్చటి గంజి నీళ్లు పిచికారీ చేస్తే ఎండి పొరలా ఊడొస్తుంది. పురుగుమందు మాత్రం కొట్టకండి, మిత్రపురుగులు చస్తాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో ఓసారి అడగండి.