ప్రాక్టీసుకు చౌక తూటాలు చాలా, పిస్టల్‌లో పెట్టుకున్నలాంటివే కావాలా?

అడిగినాయన అమెరికాలో ఉంటున్నారు. ఇంటి రక్షణకు 9 ఎంఎం పిస్టల్ కొని, అందులో కొస బోలుగా ఉండి తగలగానే విచ్చుకునే హాలో పాయింట్ తూటాలు పెట్టుకున్నారు. ప్రాక్టీసు కూడా వాటితోనే చేస్తే ఖర్చు తడిసి మోపెడవుతోందట. చౌక రకం సరిపోతుందా అన్నది ప్రశ్న. ఇప్పటికే జవాబులు రాసినవాళ్లు "ఏ తూటా అయినా ఒకటే, గురి కుదరడం ముఖ్యం" అని తేల్చేశారు. నేను ఒప్పుకోను. బ్రాండు మారితే మారనివ్వండి, గుండు బరువు మాత్రం మారకూడదు.

నేనెవరినంటే, ఇల్లు తిరుపతిలో, వ్యాపారం దామలచెరువులో మామిడి మండీ. సీజన్లో నగదు పట్టుకుని రాత్రిళ్లు తిరగాల్సి వస్తుంది కాబట్టి .32 రివాల్వర్‌కు లైసెన్స్ తీసుకుని చాలా ఏళ్లయింది. యూట్యూబు చూసి రాసే బాపతు కాదు.

మా అల్లుడు డాలస్ దగ్గర ఉంటాడు. గ్రీన్ కార్డు వచ్చాక పిస్టల్ కొన్నాడు. మేం అక్కడికి వెళ్లినప్పుడు "మామయ్యా, రండి, మీకు రేంజ్ చూపిస్తా" అని ఒక ఆదివారం తీసుకెళ్లాడు. నేను వెళ్లింది విజిట్ వీసా మీద. అక్కడి చట్టం ప్రకారం నేను తుపాకీ ముట్టుకోకూడదు, తూటా కూడా పట్టుకోకూడదు. చెవులకు మఫ్స్ తగిలించుకుని వెనక నిలబడి చూడటమే నా పని. అదే మంచిదైంది. కాల్చేవాడికి టార్గెట్ తప్ప ఏమీ కనపడదు, వెనకున్నవాడికి అన్నీ కనపడతాయి.

టార్గెట్ 21 అడుగుల దూరంలో వేలాడదీశాడు. 115 గ్రెయిన్ల చౌక తూటాలు ఒక పెట్టె తెచ్చుకున్నాడు. గ్రెయిన్లంటే గుండు బరువు, గ్రాముకు సుమారు పదిహేను. ఖాళీ ఇత్తడి కేసులు పక్క గోడకు తగిలి టింగుమంటూ కాళ్ల దగ్గర పడుతున్నాయి. కాగితం దగ్గరికి లాగి చూస్తే రంధ్రాలన్నీ అరచేయంత చోటులో ఉన్నాయి. అల్లుడు నా వైపు తిరిగి ఒక నవ్వు నవ్వాడు. నేనూ బొటనవేలు చూపించాను. ఎంతైనా అల్లుడు కదా.

అక్కడ పర్యవేక్షణకు ఉన్న పెద్దాయన ఇదంతా చూసి దగ్గరికొచ్చి, "ఇంట్లో ఉన్నప్పుడు ఇందులో ఏం పెడతావు?" అని అడిగాడు. 147 గ్రెయిన్ల హాలో పాయింట్ అన్నాడు మావాడు. "ఎప్పుడైనా కాల్చావా?" లేదు, ఖరీదెక్కువ కదా అన్నాడు. పెద్దాయన ఏమీ అనలేదు. కౌంటర్ వైపు చెయ్యి చూపించాడు, వెళ్లి ఒక పెట్టె తెచ్చుకోమని.

తెచ్చాడు. మొదటి నాలుగు పేలాయి, రంధ్రాలు ఇందాకటికన్నా రెండు వేళ్ల మందం పైకి జరిగాయి. అది పెద్ద విషయం కాదు. ఐదో తూటా లోపలికి వెళ్లలేదు. ముందు కొస బోలుగా ఉంటుంది కదా, ఆ అంచు తూటాను గొట్టంలోకి ఎక్కించే వాలుకు, అంటే ర్యాంపుకు తట్టుకుని నిలబడిపోయింది. పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ కదిలే స్లైడ్ ముప్పాతిక దాకా వచ్చి ఆగింది. మావాడు ట్రిగ్గర్ నొక్కాడు, ఏమీ లేదు. మళ్లీ నొక్కాడు. తర్వాత "ఇదేంటి?" అన్నట్టు పిస్టల్ చేతిలో పెట్టుకునే పక్కకు తిరగబోయాడు. పెద్దాయన మణికట్టు పట్టుకుని గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచకపోతే ఏమయ్యేదో తెలియదు. నాకు కాళ్లలో వణుకు పుట్టింది.

ఆ తూటా తీసేసి, అల్లుడి దగ్గరున్న రెండో మ్యాగజైన్‌తో (తూటాలు నింపి పిస్టల్‌లో దూర్చే డబ్బా) కాల్పించాడు. అన్నీ సాఫీగా పేలాయి. మొదటి మ్యాగజైన్ పెడితే మళ్లీ తట్టుకుంది. పెద్దాయన జేబులోంచి మార్కర్ తీసి ఆ మ్యాగజైన్ అడుగున పెద్ద ఇంటూ మార్కు వేసి చేతిలో పెట్టాడు. గుండ్రటి కొస ఉన్న చౌక తూటాలతో అదే మ్యాగజైన్ నెలల తరబడి చక్కగా పనిచేసింది. ఇంట్లో బీరువాలో లోడు చేసి పెట్టింది మాత్రం సరిగ్గా ఆ మ్యాగజైన్నే. ఇంట్లో మా అమ్మాయి, ఇద్దరు పిల్లలు. మావాడు దానికి రక్షణ అని పేరు పెట్టుకున్నాడు.

ఇప్పుడు మీ ప్రశ్న. పెట్టె మీద రెండు అంకెలు చూడండి, గ్రెయిన్లు ఒకటి, సెకనుకు ఎన్ని అడుగుల వేగమో అది ఒకటి. 9 ఎంఎంలో ఎక్కువగా దొరికేవి 115, 124, 147. చౌకవి ఎక్కువగా 115లోనే ఉంటాయి, అందుకే అందరూ అవి కొంటారు. 115ది 1,150కి అటూ ఇటూ వేగం. 147ది వెయ్యి దగ్గర. ఒకటి చురుక్కున తన్నుతుంది, ఇంకోటి మెల్లగా నెడుతుంది. చెయ్యి అలవాటు పడేది ఆ తన్నుకే, రెండో తూటా ఎంత త్వరగా గురికి వస్తుందన్నది దాని మీదే ఉంటుంది. టీవీఎస్ ఫిఫ్టీ మీద నేర్చుకుని లోడు ట్రాక్టర్ ఎక్కితే ఎలా ఉంటుందో 115తో ప్రాక్టీసు చేసి 147 పెట్టుకోవడం అలా ఉంటుంది.

కాబట్టి ముందు బరువు కలపండి, తర్వాత వేగం. ఇదేమంత కష్టం కాదు, తయారీదారులే జోడీలు చేసి అమ్ముతున్నారు. ఫెడరల్ వాళ్ల హెచ్ఎస్‌టీ అనే హాలో పాయింట్ 147 పెట్టుకున్నారనుకోండి, అదే కంపెనీ చౌక రకం అమెరికన్ ఈగిల్‌లో 147 ఉంది, రెండు పెట్టెల మీదా వెయ్యి అడుగులే. 124 అయితే రెండింటి మీదా 1,150. హెచ్ఎస్‌టీకి జోడీగానే సింటెక్ ట్రైనింగ్ మ్యాచ్ అని ఇంకోటి చేశారు. వించెస్టర్ వాళ్లు ట్రెయిన్ అండ్ డిఫెండ్ పేరుతో రెండూ అమ్మారు. పెట్టె మీది వేగం మామూలుగా 4 అంగుళాల గొట్టంతో కొలిచింది. మీది పొట్టి పిస్టల్ అయితే తగ్గుతుంది, కానీ రెండింటికీ తగ్గుతుంది కాబట్టి పోలిక చెడదు.

చిక్కల్లా ప్లస్‌పీ తూటాలతోనే, అంటే మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడితో పేలేవాటితో. స్పీర్ గోల్డ్ డాట్ 124 ప్లస్‌పీ 1,220 అడుగులు పోతుంది, దానికి సరితూగే చౌక తూటా వెతుక్కోవడం తలనొప్పి. నన్నడిగితే ప్లస్‌పీ వదిలేయండి. మామూలు 124 హాలో పాయింట్, మామూలు 124 ఫుల్ మెటల్ జాకెట్ (ఆ గుండ్రటి కొస చౌక రకమే), పని అయిపోయింది. 1986లో మయామీ కాల్పుల తర్వాత ఎఫ్‌బీఐ, మనిషి కండకు బదులుగా వాడే జెలటిన్ దిమ్మలోకి తూటా 12 నుంచి 18 అంగుళాలు దిగాలని ప్రమాణం పెట్టింది, ఏది ఎంత దిగుతుందని కుర్రాళ్లు గ్రూపుల్లో రాత్రంతా కొట్టుకుంటారు. ఆ గోల ఏ హాలో పాయింట్ కొనాలన్నదానికి. కొన్నాక ఆ వీడియోలు చూడటం మానేసి రేంజ్‌కి వెళ్లండి.

జోడీ కుదిరినా అసలువి అసలు కాల్చకుండా ఉండకూడదు. హాలో పాయింట్లు చాలావరకు 20 చొప్పున చిన్న పెట్టెల్లో వస్తాయి, ప్రాక్టీసువి 50 చొప్పున. ఖరీదే, కాదనను. అయినా మొదట్లోనే మీ దగ్గరున్న ప్రతి మ్యాగజైన్‌తోనూ కొన్ని కాల్చి చూడండి. తర్వాత ఏడాదికోసారి పిస్టల్‌లో ఉన్నవి రేంజ్‌లో పేల్చేసి కొత్తవి పెట్టుకోండి. మిగతా ప్రాక్టీసంతా జోడీతో. పిల్లల బర్త్‌డేలకు హాలు బుక్ చేసి ఊరందరికీ భోజనాలు పెట్టేవాళ్లు దీనికి మాత్రం డాలర్లు లెక్కపెడతారు.

ఇంకోటి, ఇది ఎవరూ చెప్పరు. రోజూ రాత్రి లోడు చేసి, పొద్దున తీసేసి, మళ్లీ రాత్రి అదే తూటా ఎక్కించే అలవాటు ఉంటుంది కొందరికి. అలా ర్యాంపుకు గుద్దుకుని గుద్దుకుని గుండు మెల్లగా కేసులోకి దిగబడుతుంది. దిగబడితే పేలినప్పుడు లోపలి ఒత్తిడి పెరుగుతుంది, తుపాకీకీ చేతికీ ప్రమాదం. పెట్టెలోంచి కొత్త తూటా తీసి పక్కన నిలబెట్టి పొడవు చూడండి. కురచగా కనిపిస్తే దాన్ని మళ్లీ ఎక్కించకండి.

హాలో పాయింట్ అంతర్జాతీయంగా నిషేధం కదా అని ఒకాయన వాదన పెట్టుకున్నాడు. 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో దేశాల సైన్యాలకు వర్తించేది. మన కోల్‌కతా పక్కన డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో తయారైన తూటాల మీద పుట్టిన గొడవ అది. టెక్సాస్‌లో ఇల్లు కాపాడుకునేవాడికీ దానికీ సంబంధం లేదు.

మా దగ్గర ఈ జోడీల సమస్యే లేదు. 9 ఎంఎం, .38 మామూలు మనుషులకు ఇవ్వరు. కాన్పూరు .32 రివాల్వర్, అందులోకి పుణె పక్కన ఖడ్కీ కర్మాగారంలో తయారైన కేఎఫ్ ముద్ర తూటా. ప్రాక్టీసుకూ అదే, ప్రాణం మీదికొస్తే అదే. ఒక ఇబ్బంది ప్రభుత్వమే తీర్చేసింది. కాల్చడానికి చోటు మాత్రం చూపించలేదు. లైసెన్స్‌లో రాసిన లెక్క ప్రకారమే తూటాలు కొనాలి, ఒకటి పేలిస్తే ఎక్కడ, ఎందుకు అనే ప్రశ్న. దాంతో ఎవరూ కాల్చరు. ఇంట్లో గదిలోంచి అసలు తూటాలన్నీ బయటపెట్టి, డమ్మీలు వేసుకుని, గోడకు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కడమే నా ప్రాక్టీసు. మా అల్లుడు ఒక్క ఆదివారం కాల్చినన్ని మా జిల్లాలో లైసెన్స్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది జన్మలో కాల్చి ఉండరు.

చిత్తూరులో నాకు తెలిసిన బెల్లం వ్యాపారి ఒకాయన ఉన్నాడు. ఒకసారి తన తోలు బెల్టు తెచ్చి చూపించాడు, తూటాలు వరసగా దానికే గుచ్చి ఉన్నాయి. "ఒక్కటి గూడా కాల్చలేదప్పా, అన్నీ అట్లే ఉండాయి" అన్నాడు గర్వంగా. ఒకటి లాగబోతే రాలేదు. గట్టిగా తిప్పి లాగితే ఇత్తడి చుట్టూ పచ్చగా చిలుము, తోలు తగిలినంత మేరా. తోలు పదును చేసే మందుకు ఇత్తడి అలా అవుతుంది. అలాంటివి రివాల్వర్ సిలిండర్‌లో ఇరుక్కుంటే బయటికి రావు. పెట్టెలో పెట్టుకో అన్నా అని చెప్పాను. బెల్టు అందంగా ఉందన్నాడు.

2016 ఆయుధాల రూల్స్‌లో కొత్తగా లైసెన్స్ అడిగేవాళ్లకు సేఫ్టీ ట్రైనింగ్ పెట్టారు, బాగుంది. 2019 సవరణతో లైసెన్స్ గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లు చేశారు, అదీ బాగుంది. పాతవాళ్లను కూడా రెన్యువల్ అప్పుడు పోలీసు రేంజ్‌కి పిలిచి, ఫీజు తీసుకుని, సొంత ఆయుధంతో ఒక ఆరు తూటాలు కాల్పించొచ్చు కదా. కల్యాణి డ్యామ్ దగ్గర పోలీసు శిక్షణ కళాశాల ఉండనే ఉంది. అలా పిలిచిన రోజు మా బెల్లం ఆయన బెల్టు సంగతి అక్కడే బయటపడుతుంది. ఎన్నికలొస్తే మాత్రం గుర్తుపెట్టుకుని పిలుస్తారు, ఆయుధం స్టేషన్లో అప్పగించమని. 2024లో మార్చిలో షెడ్యూల్ వచ్చింది, మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. తోతాపురి కోతలు మొదలై మండీలో డబ్బు తిరిగే రోజులు అవే.

అడిగినాయన ఏ వీసా మీద ఉన్నారో రాయలేదు. హెచ్1బీ అయితే గ్రెయిన్ల సంగతి తర్వాత. అలాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు అక్కడ తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉండటం లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి, అవి మీకు వర్తిస్తాయో లేదో అక్కడి లాయరును అడగండి. షాపులో అమ్మేశారు కదా అని ఊరుకోకండి.